పచ్చ బటన్ నొక్కినా మోటరు లేవకపోతే



జడ్చర్ల నుంచి నాగర్‌కర్నూల్ పోయే దారిలో తిమ్మాజిపేట వస్తుంది. ఆ మండలంలోని అవంచలో పొలాల నడుమ ఒకే రాతిలో మలిచిన భారీ గణపతి విగ్రహం ఉంది. ఐశ్వర్య గణపతి అని పిలుస్తారు. చూడవచ్చినవాళ్లు తలెత్తి అబ్బురపడతారు. అంత విగ్రహాన్ని ఇచ్చిన ఆ గట్టి రాయే ఇక్కడి సేద్యానికి పెద్ద పరీక్ష పెట్టింది. నేల అడుగున నీళ్లు రాతి పగుళ్లలో దాగి ఉంటాయి. పగులు దొరికితే బోరులో నీళ్లు పడతాయి, దొరక్కపోతే దుమ్మే లేస్తుంది. ఈ పాలమూరు ప్రాంతపు రైతు ఎన్ని బోర్లు వేసి ఎంత అప్పు మోశాడో వేరే చెప్పనక్కర్లేదు. అలా పడిన బోరులోకి మోటరు దింపి, గట్టు మీద ఒక ఇనుప డబ్బా బిగిస్తాడు. ఆ స్టార్టర్ డబ్బాకు వచ్చే కరెంటు జబ్బుల గురించి, వాటిని పట్టుకునే తీరు గురించి ఈ ప్రసంగం.

యాసంగిలో వరి పొట్ట మీద ఉన్నప్పుడు మోటరు ఆగితే రైతుకు కాలు నిలవదు. వెంటనే మెకానిక్‌కు ఫోను పోతుంది. "అన్నా, మోటరు లేస్తలేదు." అనుభవం ఉన్న మెకానిక్ అయితే బండి తీసేముందే ఒక ప్రశ్న అడుగుతాడు: "గుయ్యిమంటుందా, అసలు సప్పుడే లేదా?" ఆ ఒక్క జవాబుతోనే సగం పని అయిపోతుంది. సప్పుడే లేదంటే డబ్బాలోని కాయిల్‌కు కరెంటు అందడం లేదన్నమాట. డబ్బా గుయ్యిమంటుందంటే కరెంటు అందుతోంది కానీ కాయిల్ గట్టిగా పట్టడం లేదు. డబ్బా టక్కున పట్టింది, మోటరు మాత్రం మూలుగుతోంది, నీళ్లు రావడం లేదంటే మూడు ఫేజుల్లో ఒకటి పోయి ఉండాలి, లేదా పంపు బిగుసుకుపోయి ఉండాలి.

అసలు ఆ డబ్బాలో ఏముంది? మూత తీస్తే పైన కరెంటు వచ్చే మూడు వైర్లు, కింద మోటరుకు పోయే మూడు వైర్లు. నడుమ కాంటాక్టర్. దానిలో రాగి తీగ చుట్టిన ఒక కాయిల్, దాని ముందు ఇనుప ముక్క, ఆ ముక్కకు బిగించిన మూడు జతల కాంటాక్టులు. కాయిల్‌కు కరెంటు అందితే అది అయస్కాంతమై ఇనుప ముక్కను లాక్కుంటుంది, మూడు జతలూ ఒకేసారి కలుస్తాయి, మోటరు తిరుగుతుంది. కాంటాక్టర్ కింద ఓవర్‌లోడ్ రిలే. ముందు పచ్చ బటన్, ఎర్ర బటన్. ఇంతే సరుకు. ఎక్కడా చిప్ లేదు, ప్రోగ్రాం లేదు. అందుకే దీనిలో వచ్చే ప్రతి లోపమూ కంటికో, చెవికో, ముక్కుకో ఏదో ఒక గుర్తు చూపిస్తుంది.

కాయిల్‌కు కరెంటు వెళ్లే దారి తెలిస్తే చాలా చిక్కులు విడిపోతాయి. ఒక ఫేజు నుంచి బయలుదేరిన కరెంటు ముందు ఎర్ర బటన్ గుండా పోతుంది, తర్వాత ఓవర్‌లోడ్ రిలేలోని చిన్న కాంటాక్టు గుండా, తర్వాత పచ్చ బటన్ గుండా కాయిల్‌లోకి చేరి, రెండో ఫేజుకు కలుస్తుంది. ఈ దారిలో ఎక్కడ తెగినా డబ్బా మౌనంగా ఉంటుంది. ఎర్ర బటన్ లోపల ఇరుక్కుపోయి బయటికి రాకపోయినా అంతే, రిలే ట్రిప్ అయి ఉన్నా అంతే. వానకాలంలో వెచ్చగా ఉంటుందని చీమలు ఈ డబ్బాల్లో చేరతాయి. బటన్ కాంటాక్టుల మధ్య నలిగిన ఒక్క చీమ చాలు, పచ్చ బటన్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు.

ఇంకో ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది: "బటన్ పట్టుకుంటే నడుస్తది, ఇడిస్తే ఆగుతది." ఈ మాట వినగానే చాలామంది కొత్త కాయిల్ కొనుక్కొస్తారు. కాయిల్‌కు ఏ జబ్బూ లేదు. పచ్చ బటన్ వదిలాక కాయిల్‌కు కరెంటు కొనసాగించే పని కాంటాక్టర్ పక్కనుండే నాలుగో చిన్న కాంటాక్టుది. దాన్ని హోల్డింగ్ కాంటాక్టు అంటారు. అది మాడినా, దాని వైరు ఊడినా బటన్ వదిలిన క్షణమే స్టార్టర్ పడిపోతుంది. బటన్‌కు చీపురుపుల్ల గుచ్చి నీళ్లు పారించుకునే గట్లు ఇప్పటికీ ఉన్నాయి. అది మహా ప్రమాదం. పుల్ల గుచ్చిన డబ్బాకు కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మోటరు తనంతట తానే లేస్తుంది, ఆ సమయానికి ఎవరి చెయ్యి వైర్ల మీద ఉన్నా ప్రాణం పోతుంది. రిపేరుకు కావలసింది ఒక స్క్రూడ్రైవరు, కాసింత ఓపిక.

సముద్రాల అవతల అమెరికాలో ఇదే జాతి లోపాలను ఇదే వరుసలో వెతికే మనుషులున్నారు. వాళ్ల ముందుండేది స్టార్టర్ డబ్బా కాదు, పిన్‌బాల్ అనే పాత ఆట యంత్రం. వాలుగా ఉన్న బల్ల మీద అద్దం, అద్దం కింద ఉక్కు గుండు, అది కిందికి జారిపోకుండా తిప్పికొట్టే రెండు చిన్న రెక్కలు. ఆ రెక్కలను ఫ్లిప్పర్లు అంటారు. షికాగోకు చెందిన గాట్లీబ్ కంపెనీ 1947లో తెచ్చిన 'హంప్టీ డంప్టీ' యంత్రంతో ఆ రెక్కలు ఆటగాడి చేతికి వచ్చాయి. అదృష్టపు ఆట అని, జూదమని న్యూయార్క్ నగరం 1940ల మొదట్లో పిన్‌బాల్‌ను నిషేధించింది. 1976లో రోజర్ షార్ప్ అనే యువకుడు నగర మండలి ముందు ఆడి చూపించి, గుండు ఎటు పోవాలో ఆటగాడి నేర్పే తేలుస్తుందని ఒప్పించాక ఆ నిషేధం తొలగింది. 1970ల చివర ఎలక్ట్రానిక్ బోర్డులు వచ్చేదాకా ఆ యంత్రాల్లో పాయింట్లు లెక్కపెట్టడం, గంట కొట్టడం, దీపాలు వెలిగించడం అన్నీ కాయిళ్లు, రిలేలు, రేకు కాంటాక్టుల పనే.

ఆ ఫ్లిప్పర్ కాయిల్‌లో రెండు చుట్లుంటాయి. ఒకటి బలంగా లాగడానికి, ఇంకొకటి లేచిన రెక్కను తక్కువ కరెంటుతో అలాగే నిలపడానికి. రెక్క పైదాకా లేవగానే ఒక చిన్న రేకు కాంటాక్టు విడిపోయి బలమైన చుట్టుకు విశ్రాంతినిస్తుంది. ఆ కాంటాక్టు అతుక్కుపోతే కాయిల్ కాలిపోతుంది. మురికి పట్టి కలవకపోతే రెక్క నీరసంగా లేస్తుంది. కొత్త కాయిల్ వేసి కాంటాక్టు చూడనివాడు వారం తిరక్కుండా ఆ కాయిల్‌నూ కాల్చుకుంటాడు. పాత పిన్‌బాల్ మెకానిక్‌కు తెలిసిన ఈ సంగతి తిమ్మాజిపేట మోటరు మెకానిక్‌కూ తెలుసు. పెద్ద వస్తువు కాలిపోయిందంటే దాని వెనక ఎక్కడో ఒక చిన్న వస్తువు ముందే చెడి ఉంటుంది.

ఆ చిన్న వస్తువును చూడకపోవడం వల్లే మన దగ్గర మోటర్లు కాలుతున్నాయి. అన్నిటికన్నా పెద్ద దొంగ సింగిల్ ఫేజింగ్. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా నడుస్తున్న మోటరు వెంటనే ఆగదు. మిగిలిన రెండింటి మీద భారం వేసుకుని నడుస్తూనే ఉంటుంది. మామూలుగా 8, 9 ఆంపియర్లు తీసుకునే 5 హెచ్‌పీ మోటరు అప్పుడు ఆ రెండు వైర్లలో ఒకటిన్నర రెట్లకు మించి లాగుతుంది. రిలే సరిగ్గా ఉంటే కాసేపట్లో ట్రిప్ చేస్తుంది. లేకపోతే వైండింగ్ మాడిపోతుంది.

ఫేజు పోతే కాంటాక్టర్ ఎందుకు పడిపోదు? కాయిల్ రెండు ఫేజుల మధ్యే కట్టి ఉంటుంది. ఆ రెండింటిలో ఒకటి పోతే చాలాసార్లు పడిపోతుంది. కాయిల్‌తో సంబంధం లేని మూడో ఫేజు పోతే కాయిల్‌కు ఆ సంగతే తెలియదు. హాయిగా పట్టుకునే ఉంటుంది. పైగా తిరుగుతున్న మోటరు, పోయిన ఫేజు వైరు మీద తానే కొంత వోల్టేజీ పుట్టిస్తుంది. రైతు టెస్టర్ పెట్టి చూస్తే మూడు చోట్లా వెలుగుతుంది. "మూడు ఫేజులూ ఉన్నయి గద" అనుకుంటాడు. టెస్టర్‌లోని చిన్న బల్బుకు అసలు కరెంటుకూ, మోటరు వైండింగ్ గుండా తిరిగొచ్చిన కరెంటుకూ తేడా తెలియదు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద పక్క పొలాల మోటర్లు నడుస్తున్నా ఇలాగే మోసం జరుగుతుంది. ఒక్క టెస్టర్‌ను నమ్మి మోటరును పోగొట్టుకున్న రైతులు తక్కువేం కాదు.

మెకానిక్‌లు రెండు మామూలు బల్బులను వరుసగా కలిపి టెస్ట్ ల్యాంప్ చేసుకునేది అందుకే. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య సుమారు 240 వోల్టులు, ఫేజుకూ ఫేజుకూ మధ్య సుమారు 415 వోల్టులు. ఒక్క బల్బును రెండు ఫేజుల మధ్య పెడితే టప్పున పేలుతుంది. రెండు కలిపితే తట్టుకుంటాయి. మోటరు ఆపి, డబ్బాలోకి వచ్చే వైపు మూడు ఫేజులనూ రెండేసి చొప్పున చూస్తే ఏది చచ్చిందో తెలుస్తుంది. ఆ బల్బులు తాగే కరెంటు ముందు దొంగ వోల్టేజీ చాలావరకు చతికిలపడుతుంది. మోటరు నడుస్తున్నప్పుడైతే క్లాంప్ మీటరే నిజం చెబుతుంది. మూడు వైర్లనూ ఒక్కొక్కటిగా దాని దవడల మధ్య పెట్టి ఆంపియర్లు చదవాలి. రెండింటిలో బాగా ఎక్కువ, ఒకదానిలో సున్నా అంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ బల్బుల్లో ఒక్కదాన్నే వాడితే అది ఇంకో రహస్యం కూడా చెబుతుంది. న్యూట్రల్‌తో కలిపి చూసినప్పుడు ఒక ఫేజులో అసలు వెలగక మిగతా రెండింటిలో బాగా వెలిగితే, ట్రాన్స్‌ఫార్మర్ కింది వైపు ఫీజు పోయినట్టో, అక్కడి నుంచి వచ్చే తీగ తెగినట్టో అనుకోవాలి. ఒకదానిలో పూర్తిగా, రెండింటిలో సగం గుడ్డిగా వెలిగితే లోపం పైన ఉంది. 11 వేల వోల్టుల వైపు మూడు ఫీజుల్లో ఒకటి ఎగిరిపోయింది. అక్కడి చుట్టల అమరిక వల్ల ఆ లోటు కిందికి వచ్చేసరికి రెండు ఫేజుల మీద సగం సగంగా పంచుకుంటుంది. ఈ తేడా చెప్పగలిగితే లైన్‌మన్‌కు గంట పని తగ్గుతుంది.

ఫీజు వేసే ఆ పని లైన్‌మన్‌దే, రైతుది కాదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజు వెయ్యబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతులు ఈ రాష్ట్రంలో ఎందరో. ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే ఏబీ స్విచ్ హ్యాండిల్ కిందికి లాగాం కదా అని ధీమాగా ఎక్కుతారు. పైన మూడు బ్లేడుల్లో ఒకటి తుప్పు పట్టి విడిపోకుండా మిగిలిపోతుంది. కింద నిలబడి మూడూ విడిపోయాయో లేదో కళ్లారా చూడకుండా, తీగలను రాడ్‌తో నేలకు కలపకుండా లైన్‌మన్ కూడా ముట్టుకోడు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడుందో, బల్బు ఎలా వెలిగిందో చెప్పి ఎదురుచూడటం మేలు. ఒక తడి ఎండితే ఇంకో తడి పెట్టుకోవచ్చు.

డబ్బా గుయ్యిమనే జబ్బు సంగతి వేరు. మన కరెంటులో ప్రవాహం సెకనుకు 100 సార్లు సున్నాకు దిగి మళ్లీ లేస్తుంది. దిగిన ప్రతిసారీ అయస్కాంతం ఇనుప ముక్కను వదలబోతుంది. వదలకుండా ఆపేది కాయిల్ ఇనుము ముఖం మీద బిగించిన చిన్న రాగి చుట్టు. అది విరిగితే డబ్బా అదేపనిగా మోగుతుంది. ముఖాల మధ్య దుమ్ము చేరినా, తుప్పు పట్టినా అదే మోత. లో వోల్టేజీలోనూ మోగుతుంది. అందుకే పొలాల స్టార్టర్లకు తక్కువ వోల్టేజీలోనూ పట్టే కాయిళ్లను కంపెనీలు వేరుగా చేస్తాయి. మోతను పట్టించుకోకుండా నడిపిస్తే ఇనుప ముక్క ఎగిరెగిరి పడుతూ కాంటాక్టుల మధ్య నిప్పురవ్వలు లేపుతుంది. కొన్నాళ్లకు కాంటాక్టులు అతుక్కుపోతాయి, ఎర్ర బటన్ నొక్కినా మోటరు ఆగదు.

కాంటాక్టుల విషయంలో మంచి మెకానిక్‌లు కూడా ఒక పొరపాటు చేస్తారు. నల్లబడ్డాయని గరుకు కాగితంతో రుద్దేస్తారు. పాత రాగి కాంటాక్టులకైతే అది కొంత నయం, రాగి మీది నలుపు కరెంటును అడ్డుకుంటుంది. ఇప్పటి స్టార్టర్లలో ఉండేవి వెండి కలిపిన కాంటాక్టులు. వాటి మీది నలుపు గుండా కరెంటు బాగానే పోతుంది. రుద్దితే వెండి పొరే అరిగి, తిరిగి రానిది పోతుంది. గుంటలు పడి, ఒక పక్క కరిగి ముద్దకట్టినవైతే రుద్దడం కాదు, మూడు జతలూ మార్చాలి. ఒక్కటి మార్చి రెండు పాతవి ఉంచితే ఆ మూడూ సమంగా కలవవు, మళ్లీ సింగిల్ ఫేజింగే.

ఓవర్‌లోడ్ రిలే మాటకు వస్తే, రైతులకు దాని మీద కోపం ఎక్కువ. ఊరికే ట్రిప్ అవుతుందని దాని డయల్‌ను చివరిదాకా తిప్పేస్తారు, లేదంటే వైరు వేసి దాటించేస్తారు. రిలేలో మూడు జతల రేకులుంటాయి, ఒక్కో జతలో రెండు రకాల లోహాలు అతికి ఉంటాయి. కరెంటు ఎక్కువై వేడెక్కితే అవి వంగి కాయిల్ దారిని తెంచేస్తాయి. డయల్ మోటరు పలక మీద రాసిన ఆంపియర్ల దగ్గర ఉండాలి. అయినా ట్రిప్ అవుతుందంటే క్లాంప్ మీటరు పెట్టి చూడాలి. కరెంటు నిజంగానే ఎక్కువుంటే ఇసుకో, అరిగిన బేరింగో, లో వోల్టేజీయో కారణం. కరెంటు మామూలుగానే ఉండి ట్రిప్ అవుతుంటే రిలే స్క్రూల మీద వేలు కాదు, చూపు పెట్టాలి. వదులైన స్క్రూ దగ్గర పుట్టిన వేడి పక్కనే ఉన్న రేకును వంచేస్తుంది. అక్కడ వైరు తొడుగు గోధుమరంగుకు తిరిగి, పెళుసై, కాలిన ప్లాస్టిక్ వాసన వేస్తుంది. కరెంటు తీసేసి, వైరు చివర కత్తిరించి, కొత్తగా చెక్కి బిగిస్తే చాలు. అర్ధరూపాయి ఖర్చు లేదు.

రిలే కాపాడలేనిది కూడా ఒకటుంది. బోరులో నీళ్లు అడుగంటి మోటరు ఉత్తగా తిరిగినప్పుడు కరెంటు పెరగదు, తగ్గుతుంది. భారం లేదు కదా. రిలే దృష్టిలో అంతా బాగానే ఉంటుంది. చల్లబరిచే నీళ్లు లేక మోటరు లోపల మాడుతుంటుంది. రాతి పగుళ్ల నీటి మీద బతికే ఈ ప్రాంతంలో డబ్బా మీది ఆంపియర్ ముల్లును చూసే అలవాటు చాలా అవసరం. ముల్లు ఊగుతోందంటే పంపు గాలి మింగుతోందని అర్థం.

కాలం మారినకొద్దీ లోపాల తీరూ మారింది. మూడు ఫేజుల కరెంటు గంటల లెక్కన వచ్చిన రోజుల్లో అది ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియక రైతులు ఆటోస్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే ఊరి మోటర్లన్నీ ఒకేసారి లేచేవి. లేచే క్షణంలో ఒక్కో మోటరు మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకు వోల్టేజీ కుంగి, ట్రాన్స్‌ఫార్మర్ ఫీజులు ఎగిరిపోయేవి. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1 నుంచి మొదలైంది. దానికి ముందే ఆటోస్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వం రైతులను కోరింది. తీసేటప్పుడు చాలాచోట్ల వైర్లను అతుకులతో వదిలేశారు. ఇప్పుడు మెకానిక్‌లు ఆ పాత అతుకుల్లో కూడా లోపం వెతకాల్సి వస్తోంది.

డబ్బాలో అంతా బాగుండి మోటరు లేవకపోతే, అప్పుడు బోరు వైపు చూడాలి. పైపులన్నీ లాగి మోటరు తీయడం అంటే మనుషులు, ఒక రోజు, కూలీ. అందుకే ముందు పైనుంచే చూడాలి. కరెంటు పూర్తిగా తీసేసి, మోటరుకు పోయే మూడు వైర్లను డబ్బాలో విప్పి, రెండేసి మధ్య మీటరుతో ఓమ్స్ కొలవాలి. మూడు లెక్కలూ సమానంగా రావాలి. ఒక జతలో తేడా ఉంటే వైండింగో కేబుల్ అతుకో చెడింది. తర్వాత, కరెంటు బయటికి కారుతోందేమో చూసే మెగ్గర్‌తో ఒక్కో వైరుకూ నేలకూ మధ్య చూడాలి. లెక్క ఒక మెగా ఓమ్‌కన్నా బాగా కిందికి పడిపోతే నీళ్లు లోపలికి దిగాయి. కేసింగ్ అంచుకు రాసుకుని కేబుల్ తొడుగు చిరిగినా ఇలాగే చూపిస్తుంది. వైండింగ్ షాపుకు మోసుకుపోయాక అక్కడ "మోటరు బాగనే ఉంది, కేబులే పోయింది" అనే మాట వినాల్సి రాకుండా ఈ రెండు పరీక్షలూ కాపాడతాయి.

ఇంకో చిన్న సంగతి. చాలా స్టార్టర్ల మూత లోపల వైర్ల పటం అంటించి ఉంటుంది. పదేళ్ల దుమ్ము కింద అది కనిపించదు. పొడి గుడ్డతో తుడిస్తే కాయిల్‌కు కరెంటు ఏ దారిన పోతుందో గీతల్లో కనిపిస్తుంది. దాని పక్కనే ఖాళీ జాగాలో, మోటరు బాగా నడుస్తున్న రోజున మూడు వైర్ల ఆంపియర్లు, తేదీ, వోల్టేజీ మార్కర్‌తో రాసి పెట్టుకోవాలి. మోటరు మొరాయించిన నాడు మెకానిక్ ముందు ఆ లెక్కలే చూస్తాడు, తన క్లాంప్ మీటరు చూపే లెక్కలను వాటితో పోల్చి పని మొదలుపెడతాడు.